పెరిగింది జబ్బా, లెక్కా

మా మామయ్య ఇరవై ఆరేళ్లు ఇంటింటికీ ఉత్తరాలు పంచాడు. ఉత్తరాలు రాసేవాళ్లు కరువై, రెండు పోస్టాఫీసులను కలిపి ఒకటి చేసినప్పుడు ఆయన్ని ముందుగానే ఇంటికి పంపేశారు. అప్పటికి ఆయన వయసు యాభై రెండు. ఊళ్లో ఆయన్ని ‘చిరునామా’ అనే పిలిచేవారు. టైర్ల కొట్టు వెనక మేడమీది వాటా అని సగం చెబితే చాలు, అందులో ఇప్పుడెవరున్నారు, అంతకుముందు ఎవరుండేవారు, వాళ్లు ఎక్కడికి మారారు, అన్నీ చెప్పేసేవాడు. ఖాళీగా కూర్చోవడం చేతకాని మనిషి. మూడు నెలలు ఇంట్లో ఉండి అత్తయ్యను విసిగించాక, ఊళ్లోని పెద్దాసుపత్రిలో క్యాన్సర్ రిజిస్ట్రీకి మనిషి కావాలని తెలిసి వెళ్లాడు.

రిజిస్ట్రీ అంటే పెద్ద యంత్రాలూ అవీ ఏమీ ఉండవు. ఈ ఊళ్లో కాపురముండే వాళ్లలో ఏ ఏడు ఎవరికి ఏ క్యాన్సర్ వచ్చిందో రాసిపెట్టే లెక్క, అంతే. దాన్ని చూసే డాక్టరమ్మ సన్నగా, పొడుగ్గా ఉండేది. కళ్లజోడుకు గొలుసు కట్టి మెడలో వేసుకునేది. ఆవిడ మామయ్యను చదువు గురించి అడగలేదు. మూడు చీటీలు ముందు పెట్టింది. ఒకటి ఆసుపత్రి కేసు షీటులోంచి, ఒకటి ల్యాబు రిజిస్టరులోంచి, ఒకటి మునిసిపాలిటీ మరణాల పుస్తకంలోంచి రాసుకున్నవి.

“ఈ ముగ్గురి గురించి ఏమైనా చెప్పగలరా?”

మామయ్య చూశాడు. పేరు మూడు రకాలుగా ఉంది. వయసు ఒకదాంట్లో యాభై ఎనిమిది, ఒకదాంట్లో అరవై మూడు, ఇంకొకదాంట్లో అరవై.

“ముగ్గురు కాదండీ, ఒక్కరే. నీళ్ల ట్యాంకు సందులో కుట్టుమిషను పెట్టుకుని ఉండేది. రెండో చీటీలో ఉన్నది కొడుకింటి అడ్రసు. చివర్లో అక్కడే ఉంది కదా.”

ఆ మర్నాటి నుంచే పనిలో చేరమన్నారు.

పనిలో చేరిన నెలకే ఇంకో సంగతి కనిపెట్టాడు. ఒకే మనిషి ముగ్గురుగా లెక్కలో పడటం తక్కువ. లెక్కలో అసలు పడనివాళ్లే ఎక్కువ. తాత పేరే మనవడికి పెట్టిన ఇంట్లో, తాతకు గొంతు క్యాన్సర్, మనవడికి రక్తం క్యాన్సర్ అయితే, ఇద్దర్నీ ఒకరే అనుకుని ఒకరిని కొట్టేశారు. దూరపు పట్నంలో వైద్యం చేయించుకున్నవాళ్లు అక్కడి చుట్టాల అడ్రసు ఇచ్చి, ఆ ఊరి లెక్కలోకి పోయారు. ‘ఆయాసంతో మరణం’ అని మునిసిపాలిటీలో రాసున్న మనిషికి ఊపిరితిత్తుల్లో గడ్డ ఉందని ఇంటివాళ్లందరికీ తెలుసు, పుస్తకానికే తెలియదు. మామయ్య రికార్డు గదిలో దుమ్ము దులిపి, సందులు తిరిగి, తలుపులు తట్టి, ఒక్కొక్కరినీ పట్టుకుని లెక్కలోకి తెచ్చాడు.

ఆయన చేరకముందు ఊరి లెక్క ఏడాదికి తొంభై ఆరు. మొదటి ఏడు నూట ముప్పై ఒకటి అయింది. రెండో ఏడు నూట యాభై ఎనిమిది. మూడో ఏడు నూట ఎనభై ఏడు.

ఆ మూడో ఏటి నివేదిక పైఆఫీసుకు వెళ్లింది. అక్కణ్నుంచి ఎలా బయటికి పొక్కిందో తెలియదు గానీ, ఒక పత్రికలో మా ఊరి గురించి సగం పేజీ వచ్చింది. మూడేళ్లలో క్యాన్సర్ రెట్టింపు అని పెద్ద అక్షరాల్లో వేశారు. కింద కాలవ పక్కనున్న అద్దకం మిల్లు ఫొటో ఉంది. మిల్లు వల్లే అని ఎక్కడా రాయలేదు. ఫొటో మాత్రం వేశారు.

ఆ మిల్లులో రెండు వందల మంది పనిచేసేవారు. వాళ్లలో మా నాన్న ఒకడు. రంగు పొడులు తూచి, నీళ్లలో కలిపి, నూలు ముంచే తొట్లకు పంపే గదిలో పని. ఆయన గోళ్ల చుట్టూ ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది. ఆ నెల ఏ రంగుకు గిరాకీ ఉందో మా ఇంట్లో నాన్న చేతులు చూసి చెప్పేవాళ్లం.

పత్రిక వచ్చిన వారంలో ఊరు ఊరంతా డాక్టర్లయింది. ఒకరు మిల్లు అన్నారు, ఒకరు నీళ్లన్నారు, ఒకరు సెల్‌ఫోను టవరన్నారు. మంగలి షాపులో ఒకాయన మామయ్యతో, “చిరునామా గారూ, మీరు ఉత్తరాలు పంచినన్నాళ్లూ ఊరు సుభిక్షంగా ఉందండీ. ఇప్పుడేం పంచుతున్నారో” అన్నాడట. షాపంతా నవ్వింది. మామయ్యా నవ్వాడు. గడ్డం సగంలో ఉంది, లేచి రాలేడు కదా.

తర్వాత నవ్వు పోయింది. కొందరు ఆయన్ని చూడగానే తలుపు దగ్గరగా వేసుకునేవారు. మిల్లుకు ఆర్డర్లు తగ్గి, మూడు షిఫ్టులు ఒకటిన్నర అయ్యాయి. నాన్నకు వారంలో మూడు రోజులే పని. అప్పుడొక ఆదివారం పొద్దున మామయ్య మా ఇంటికొచ్చాడు. అమ్మ ఆయనకు స్వయానా అక్క. అయినా కూర్చోమనలేదు.

“నువ్వు లెక్కపెట్టక ముందు అందరం బాగానే ఉన్నాం కదరా” అంది.

“లేమక్కా. బాగాలేని వాళ్లు అప్పుడూ ఉన్నారు. ఎవరూ చూళ్లేదు. అద్దం తుడిచినవాడిదా తప్పు?”

నాన్న పేపరు పక్కన పెట్టాడు. “అద్దం తుడిచావు, బాగుందోయ్. మచ్చ మాత్రం మా మిల్లు మొహానే ఉందని ఎవరు చెప్పారు?”

“నేను చెప్పలేదు బావా.”

“కాదని కూడా చెప్పలేదుగా.”

 మామయ్య నిజంగానే తికమకపడుతున్నాడు. తను చేసింది మంచి పని అనే నమ్మకం ఒకవైపు. ఒకవేళ ఊళ్లో నిజంగానే జబ్బు పెరుగుతుంటే, నా లెక్క బాగుండటం వల్లే అని సర్దిచెప్పుకోవడం పాపం కాదా అనే భయం ఇంకోవైపు.

నేను అప్పటికి కళ్లజోళ్ల షాపులో పనిచేస్తున్నాను. డాక్టరమ్మ జోడుకు మరలు వదులైతే బిగించి ఆవిడకు ఇవ్వడానికి వెళ్లాను. మామయ్య అప్పటికే ఆవిడ ఎదురుగా కూర్చుని ఉన్నాడు. నన్నూ కూర్చోమన్నారు. ఆ గదిలో గోడంతా ప్రపంచ పటం. ముదురు ఎరుపు నుంచి లేత పసుపు దాకా రకరకాల రంగులు.

మామయ్య లేతగా ఉన్న చోట్లు చూపించి, “ఇక్కడివాళ్లు అదృష్టవంతులండీ” అన్నాడు.

“అదృష్టమో కాదో మనకు తెలియదు” అంది డాక్టరమ్మ. “వాటిలో చాలాచోట్ల లెక్కపెట్టే మనిషి లేడు. పక్క దేశం లెక్క చూసి ఉజ్జాయింపుగా ఒక రంగు వేస్తారు. ఆ పక్క దేశంలో కూడా లెక్కపెట్టింది ఒకటో రెండో పట్నాల్లో అయ్యుండొచ్చు. ప్రపంచంలో ఎంతో పెద్ద భాగం ఇంతే.”

“అయితే మన ఊళ్లో పెరిగింది జబ్బా, లెక్కా?”

“రెండిట్లో ఏదైనా కావచ్చు. రెండూ కావచ్చు. ముసలివాళ్లు పెరిగారు, అదీ ఉంది.”

“మీరు ఇంత చదువుకున్నారు, మీకు కూడా తెలియదా అండీ?”

“నాకు తెలియదని ధైర్యంగా చెప్పడానికే ఇంత చదవాల్సి వచ్చింది” అని జోడు పెట్టుకుని, బాగుందని నాకు తలూపింది.

ఆవిడకు ఒక దారి తోచింది. మా ఊరంతే ఉన్న పొరుగూరు ఒకటుంది, బస్సులో నలభై నిమిషాలు. అక్కడ అద్దకం మిల్లు లేదు. అక్కడి లెక్క ఏడాదికి తొంభై దాటదు. మామయ్య ఏడాది పాటు వెళ్లి అక్కడ కూడా ఇలాగే లెక్కపెడితే? అక్కడా పెరిగితే పెరిగింది లెక్క. పెరగకపోతే ఇక్కడ పెరిగింది జబ్బు.

మామయ్య ఏడాదంతా ఆ బస్సెక్కాడు. అక్కడి ఆసుపత్రిలో రికార్డు గది లేదు. కేసు షీట్లు మెట్ల కింద పాత దుప్పట్లలో మూటలు కట్టి పడేశారు. వానకు తడిసి అంటుకుపోయిన కాగితాలను మామయ్య ఒక్కొక్కటీ విడదీసి, తాడు కట్టి క్లిప్పులు పెట్టి ఆరేసేవాడు. అక్కడి నర్సులు బట్టలు ఇంట్లో ఆరేసుకోండి తాతగారూ అని ఆటపట్టించేవారు. ఊరు కొత్త. ఇక్కడిలా గుమ్మం చూసి మనిషిని చెప్పలేడు. మొదటి నెలలో అయిదుసార్లు తప్పు తలుపులు తట్టాడు. మెల్లగా ఆ సందులూ వచ్చేశాయి.

ఏడాది చివర ఆ ఊరి లెక్క నూట డెబ్బై ఒకటి.

ఆ సాయంత్రం బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చాడు. “బావా, మన ఊరికి ఏమీ కాలేదు. ఉన్నదే ఇన్నాళ్లూ కనపడలేదు, అంతే. అక్కడా అంతే ఉంది.”

“కొండను తవ్వి ఎలుకను పట్టావన్నమాట” అన్నాడు నాన్న. కానీ లేచి చోటిచ్చాడు. అమ్మ ఏడాది తర్వాత తమ్ముడికి టీ ఇచ్చింది. పత్రికలో మా ఊరు క్షేమం అని ఏమీ రాలేదు. అలాంటివి పత్రికలకు ఎక్కవు. అయినా ఆ నోటా ఈ నోటా పాకి, మిల్లులో మళ్లీ రెండో షిఫ్టు మొదలైంది.

నాలుగు రోజులకు మామయ్య నా షాపుకు వచ్చాడు. జోడు మార్చుకోవడానికేమో అనుకున్నాను. స్టూలు మీద కూర్చుని ఒక ఫ్రేము చేతిలోకి తీసుకున్నాడు.

“అమ్మడూ, అన్నీ కలిపి చూస్తే రెండూళ్లూ ఒకటే. విడివిడిగా చూస్తే మూత్రాశయం ఒక్కటీ కుదరట్లేదే. ఆ ఊళ్లో ఏడాదికి మూడు. ఆ లెక్కన మనకు మూడేళ్లకు తొమ్మిది ఉండాలి. పద్నాలుగు ఉన్నాయి.”

“డాక్టరమ్మ ఏమంది?”

“కాకతాళీయం కావచ్చట. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకి వల్ల పడిందో, పడే వేళకు కాకి వచ్చిందో. పద్నాలుగు చాలా చిన్న అంకె అంది. చిన్న అంకెలు ఊరికే ఊగుతాయట.” ఆయన చేతిలో ఫ్రేము మడతపెట్టి తెరిచాడు, మళ్లీ మడతపెట్టాడు. “నాకు మాత్రం పద్నాలుగు గుమ్మాలు కనిపిస్తున్నాయి. అవి ఊగట్లేదు.”

రంగులకూ మూత్రాశయానికీ సంబంధం ఉందని పాతకాలంనుంచీ వైద్యులకు తెలుసు, కొన్ని పాత రకం రంగులతో. ఆ సంగతి కూడా డాక్టరమ్మే ఆయనకు చెప్పింది. సిగరెట్టుతో సంబంధం ఇంకా ఎక్కువ అని కూడా చెప్పింది. మా మిల్లులో ఏ పొడులు వాడతారో మాత్రం ఎవరికీ తెలియదు, డబ్బాల మీద నంబర్లే ఉంటాయి, నాన్నకు కూడా నంబర్లే తెలుసు.

ఇదంతా ఇలా ఉండగా మా ఇంట్లోనే ఇంకొకటి జరుగుతోంది. అది మా ఎవరికీ తెలియదు. అమ్మ ఒకరోజు నాన్న లోబట్టలు ఉతుకుతూ ఆగిపోయింది. ఎర్రటి మరక.

“ఇదేంటి?”

“మిల్లు రంగే. తొట్టి పొంగింది.”

అమ్మ సబ్బు కింద పెట్టేసింది. “ఈ నెలంతా మిల్లులో నీలమే కదా. నీ చొక్కాలన్నీ నీలమే ఉతుకుతున్నా.”

నాన్న గోడకు ఆనుకున్నాడు. నాలుగు నెలలుగా మూత్రంలో రక్తం పడుతోందట. నొప్పి లేదు. వారం పడి, పది రోజులు ఆగిపోతుందట. ఆగినప్పుడల్లా తగ్గిపోయిందనుకునేవాడు. మొదటిసారి తనకు కూడా రంగేమో అనే అనిపించిందట. ముప్పై ఏళ్లు రంగుల్లో బతికినవాడికి ఎరుపు కనిపిస్తే రక్తం అని ఎందుకు తోస్తుంది?

“మరి నాలుగు నెలలు ఎందుకు దాచావు?” అని అమ్మ అడిగితే చెప్పిన మాట నేను ఎప్పటికీ మర్చిపోలేను. “నేను ఆసుపత్రికి వెళితే నీ తమ్ముడి పుస్తకంలో ఇంకో గీత పడుతుంది. ఈసారి గీత మిల్లు మనిషిది. ఇప్పుడిప్పుడే రెండో షిఫ్టు మొదలైంది. రెండు వందల ఇళ్లలో పొయ్యిలు నా వల్ల ఆరిపోవాలా?”

అమ్మ తడి చేతులతోనే తమ్ముడికి ఫోను చేసింది.

మామయ్య అరగంటలో వచ్చాడు. నాన్నను తిట్టలేదు. చెప్పులు తెచ్చి ముందు పెట్టాడు. “పద బావా” అన్నాడు, అంతే. గొట్టంతో లోపల చూశారు, ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరే. కండరం లోపలికి దిగలేదు. గొట్టం దారినే గీకి తీసేశారు. మూడు నెలలకోసారి మళ్లీ చూడాలి, ఇది తిరిగి వచ్చే గుణం ఉన్నది అన్నారు. నాలుగు నెలల ముందు వచ్చి ఉంటే ఏమయ్యేదని నేను అడిగాను. ఇదే అయ్యుండొచ్చు, ఇంకా చిన్నదై ఉండొచ్చు అన్నాడు ఆ సర్జను. ఏ ప్రశ్నకూ ఒకే జవాబు లేని రోజులవి.

ఇక ఫారం నింపాలి. ఊరికంతటికీ ఆ ఫారాలు నింపే మనిషి ఒక్కడే. మామయ్య మా వంటగది బల్ల మీద ఫారం పరిచి, కలం మూత తీశాడు. పేరు రాశాడు, ఇల్లు రాశాడు, వయసు రాశాడు. ‘వృత్తి’ అన్న గడి దగ్గర ఆగాడు. దాని కిందే ‘పొగాకు అలవాటు’.

“మిల్లు రాయకు. సిగరెట్టు రాసుకో. అబద్ధం కాదుగా, రోజుకు పది కాల్చాను” అన్నాడు నాన్న.

“మిల్లే రాయి. వాళ్ల పొడులే తినేశాయి ఈ మనిషిని. పొగ తాగేవాళ్లందరికీ వచ్చిందా?” అంది అమ్మ.

“మిల్లులో వాళ్లందరికీ వచ్చిందా?”

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మామయ్య ఇద్దర్నీ చూసి, తల వంచుకుని, చిన్న అక్షరాలతో రెండూ రాశాడు. అద్దకం మిల్లు ముప్పై ఒక్క ఏళ్లు, అందులో రంగు కలిపే గది ఇరవై రెండు. సిగరెట్లు రోజుకు పది, ముప్పై అయిదేళ్లు. ఆ చిన్న గడిలో పట్టక అక్షరాలు అంచు దాటి బయటికి వచ్చాయి.

అప్పుడు ఆయనకు ఏదో తట్టింది. మర్నాడు ఆఫీసుకెళ్లి ఆ పద్నాలుగు ఫారాలూ తీశాడు. వృత్తి గడిలో ఏముంది? కూలీ. ఇంటి పని. ఇతర. ఇతర. ఖాళీ. రిటైర్డ్. రిటైర్డ్ అంటే దేన్నుంచి? ఆసుపత్రి గుమాస్తా హడావిడిలో రాసినదాన్ని మామయ్యే ఎత్తి రాశాడు.

“నేనేనే అమ్మడూ” అన్నాడు నాతో. “పేరు సరిచూశాను, ఇల్లు సరిచూశాను. ఈ గడి మాత్రం ఒక్కసారి కూడా చూసుకోలేదు. జవాబు ఏదైనా ఉంటే ఇందులోనే కదా ఉండాల్సింది.”

ఆ పద్నాలుగు ఇళ్లకూ మళ్లీ వెళ్లాలని డాక్టరమ్మను అడిగాడు. ఆవిడ పైనుంచి అనుమతి తెప్పించింది. అందులో ఆరుగురు అప్పటికే పోయారు. సెలవు దొరికిన రోజుల్లో నేనూ తోడు వెళ్లాను.

ఒక ఇంట్లో పెద్దావిడ అంది, “మా ఆయన ఏం పని చేసేవాడో నాకు తెలియదు బాబూ. పొద్దున పోయేవాడు, సాయంత్రం వచ్చేవాడు. నలభై ఏళ్లు అంతే.” ఒక లారీ డ్రైవరు మిల్లులో ఎప్పుడూ చేయలేదు, కానీ పన్నెండేళ్లు మిల్లుకు రంగు డబ్బాలు తోలాడు. “మోస్తే కూడా లెక్కా?” అని అడిగాడు. ఒకాయన యవ్వనంలో రెండేళ్లు తొట్ల దగ్గర చేసి మానేసి, తర్వాత ముప్పై ఏళ్లు బడి గంట కొట్టాడు. రెండేళ్లు లెక్కలోకి వస్తాయా? మంగలాయన ఒకరు, “రంగంటే నేనూ తలలకు వేస్తానుగా, అదీ రంగేనా?” అన్నాడు. ఈ ప్రశ్నలన్నీ మామయ్య నోటుబుక్కులో రాసుకునేవాడు. రాసుకుని నా వైపు చూసేవాడు. నాకేం తెలుసు?

ఇంకో ఇంట్లో జబ్బు ఇల్లాలిది. ఆవిడ ఎప్పుడూ ఇల్లు దాటలేదు, పొగ ముట్టలేదు. భర్త మిల్లు మనిషి, ఏ జబ్బూ లేకుండా గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. “ఏం పని చేశారమ్మా?” అని మామయ్య అడిగితే, “ఏ పనీ లేదయ్యా, ఈయన బట్టలు ఉతికాను” అంది.  మా అమ్మ ఎవరి బట్టలు ఉతికిందో మామయ్యకూ నాకూ తెలుసు.

మొత్తం తేలిందేమిటంటే, పద్నాలుగు మందిలో మిల్లులో గట్టిగా చేసినవాళ్లు నలుగురు, వాళ్లలో ముగ్గురు పొగ తాగేవాళ్లు. మిల్లు మొహం చూడకుండా పొగ తాగినవాళ్లు ఆరుగురు. మిగిలినవాళ్లు ఎటూ చెందరు, లేదా అటూ ఇటూ కొంచెం కొంచెం చెందుతారు. నాన్న పదిహేనోవాడు.

“అనుమానించడానికి సరిపోతుంది. నిర్ధారించడానికి చాలదు” అంది డాక్టరమ్మ. “దీన్ని తేల్చాలంటే ఇలాంటి మిల్లులున్న ఇరవై ముప్పై ఊళ్లలో ఇలాగే ఇంటింటికీ అడగాలి. అందులో సగం ఊళ్లలో రిజిస్ట్రీయే లేదు.”

“మా బావ సంగతి ఒక్కటీ చెప్పండి. ఆయనకు రంగు వల్లా, సిగరెట్టు వల్లా?”

“వెయ్యి మంది గురించయితే ఎప్పటికైనా చెప్పగలను. ఒక్క మనిషి గురించి ఎప్పటికీ చెప్పలేను.”

ఈ మాట ఆయనకు మింగుడు పడలేదు. చాలారోజులు దాన్నే నెమరువేశాడు. మా అత్తయ్య చెప్పింది, అన్నం ముందు కూర్చుని కూడా, ‘వెయ్యి మంది అంటే ఒక్కొక్కరూ కలిస్తేనే కదా, ఒక్కొక్కరికీ తెలియనిది వెయ్యి మందికి ఎలా తెలుస్తుంది’ అని పైకే అనుకునేవాడట.

డాక్టరమ్మ మిల్లుకు ఉత్తరం రాసింది. నిరూపణ కాలేదని మొదటి వాక్యంలోనే రాసి, అయినా పొడి గాల్లోకి లేవకుండా మూతలు, చేతికి తొడుగులు, మిల్లులోనే బట్టలు మార్చుకునే గది, ఏడాదికోసారి అందరికీ మూత్ర పరీక్ష పెట్టమని కోరింది. ఒక మధ్యాహ్నం షిఫ్టు మారేవేళ మిల్లు ఆవరణలో సమావేశం పెట్టారు. మామయ్యను పిలిచారు. నాన్న ముందు వరసలో కూర్చున్నాడు.

“ఒక్క మాట చెప్పండి చిరునామా గారూ. రంగుల వల్ల వస్తోందా, లేదా?” అని ఒకాయన లేచి అడిగాడు.

“తెలియదు” అన్నాడు మామయ్య.

“తెలియనివాడివి మా ఇళ్లకు ఎందుకొచ్చావు?”

“తెలుసుకుందామనే వచ్చాను. ఎంత తిరిగినా ఇంతవరకే తెలిసింది. నాకు చాతనైతే అవుననో కాదనో చెప్పి ఇంటికెళ్లి పడుకునేవాణ్ని.”

ఎవరికీ నచ్చలేదు. ఔనంటే ఒక సగం, కాదంటే ఇంకో సగం మెచ్చుకునేది. నాన్న అప్పుడు లేచాడు. మాట్లాడే అలవాటు లేని మనిషి. “తెలిసేదాకా తొడుగులు వేసుకోకూడదని ఏమైనా ఉందా?” అని అడిగి కూర్చున్నాడు.

రెండు నెలల్లో మూతలూ తొడుగులూ వచ్చాయి. బట్టలు మార్చుకునే గది మాత్రం రాలేదు. ఒక నంబరు పొడిని వాడటం పూర్తిగా మానేశారు. డాక్టరమ్మ ఉత్తరం వల్లా, నాన్న ప్రశ్న వల్లా అని మేము సంతోషించేలోపు, సరుకు కొనే విదేశీ కంపెనీ ఒకటి ఆ పొడి ఉంటే సరుకు కొనబోమని ముందే రాసిందని ఎవరో చెప్పారు. ఏది నిజమో, ఏది ముందో మాకు తేలలేదు. అమ్మ మాత్రం నాన్న బట్టలను ఇప్పుడు వేరే బకెట్లో, చేతికి తొడుగులతో ఉతుకుతుంది.

మూత్ర పరీక్షలు నూట ఎనభై మందికి జరిగాయి. ఇద్దరికి రక్తం ఛాయలు కనిపించాయి. ఒకరికి రాయి. ఇంకొకరికి అంతా వెతికినా ఏమీ లేదు. మామయ్య ఆ ఫలితాలు పట్టుకుని మా ఇంటికొచ్చి, “ఎవరికీ లేదని సంతోషించాలా, పరీక్ష పట్టుకోలేకపోయిందని భయపడాలా అక్కా?” అన్నాడు. “సంతోషించరా ముందు. భయం ఎక్కడికీ పోదులే” అంది అమ్మ.

ఇప్పుడు మూత వేసిన పొడి వల్ల జబ్బు తగ్గితే ఆ తగ్గడం ఎప్పుడు కనిపిస్తుందని మామయ్య డాక్టరమ్మను అడిగాడు. పదిహేను, ఇరవై ఏళ్లు అంది. రాకుండా పోయిన జబ్బుకు ఫారం ఉండదు, గుమ్మం ఉండదు. అప్పటికి ఎవరు లెక్కపెడతారో, పెట్టినా తగ్గింది జబ్బా లెక్కా అని మళ్లీ ఎవరు కొట్టుకుంటారో అని ఆయన నాతో అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, పూర్తిగా నవ్వు కాదు.

నాన్న సిగరెట్టు మానేశాడు. మధ్యలో ఒకసారి జబ్బు తిరగబెట్టింది, మళ్లీ గీకారు. ఆ తర్వాత వరసగా నాలుగు పరీక్షల్లో ఏమీ లేదు. మిల్లులోనే నూలు చుట్టే విభాగానికి మారాడు. ఆయన చేతులు ఇప్పుడు చేతుల రంగులోనే ఉంటాయి. అప్పుడప్పుడు వాటిని చూసుకుంటూ కూర్చుంటాడు. 

మామయ్య పోరుపెట్టగా డాక్టరమ్మ ఫారం మార్పించింది. వృత్తికి ఒక్క గడి బదులు అరపేజీ వచ్చింది. పదిహేనో ఏటినుంచి ఏమేం పనులు చేశారు, ఎన్నేళ్లు, చేతికి ఏం తగిలేది, ఇంట్లోవాళ్లేం చేసేవారు, అన్నీ అడగాలి. ఇదివరకు పది నిమిషాల్లో అయ్యే ఫారానికి ఇప్పుడు గంట పడుతోంది. ఈ ఏడు లెక్క ఆలస్యమైందని పైఆఫీసునుంచి రెండు తాకీదులు వచ్చాయి. ఆలస్యమైన లెక్కను ప్రపంచ పటంలో వేసుకోరట. అలా అయితే మా ఊరు లేత పసుపు అవుతుందేమో. చేస్తున్నది మంచో చెడో తెలియట్లేదే అని మామయ్య అంటాడు, మళ్లీ కొత్త కలం కొనుక్కుంటాడు.

మొన్న మామయ్య ఇంట్లో మరిచిపోయిన మందులు ఇవ్వడానికి ఆసుపత్రి వార్డుకు వెళ్లాను. మామయ్య ఒక డెబ్బై ఎనిమిదేళ్ల పెద్దాయన మంచం పక్కన స్టూలేసుకుని రాస్తున్నాడు. ఆ పెద్దాయన కొలిమిలో మొదలుపెట్టాడు, అక్కణ్నుంచి పడవలకు తారు పూసే చోటికి వచ్చాడు, తారు ఎలా కాచేవారో చేతులతో చూపిస్తున్నాడు. మందులు చేత్తో పట్టుకుని నేనూ వింటూ నిలబడ్డాను. పావుగంట గడిచింది. అరపేజీ నిండిపోయింది, మామయ్య కాగితం తిప్పి వెనక వైపు మొదలుపెట్టాడు. పెద్దాయన ఇంకా రెండో ఉద్యోగం దగ్గరే ఉన్నాడు.